సార్ స్మారకోపన్యాసం: సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

మొన్న శనివారం మా స్టాటిస్టిక్స్ విభాగంలో, మాకు పాఠాలు చెప్పి ఇప్పుడు మా మధ్య లేని మా సార్ స్మారకోపన్యాసం జరిగింది. విద్యార్థులమే పూనుకొని చేసిన సభ. మా ఏడుగురిలో ఫ్రెషర్స్ డే కంటే పెద్దది నడిపిన వాళ్లెవరూ లేరు. ఆ సంగతి ఉదయం తొమ్మిదింటికే బయటపడింది. నెల ముందు అడిగిపెట్టుకున్న సెమినార్ హాలు అదే రోజు ఇంకో మీటింగుకీ ఇచ్చేశారట. అనుమతి కాగితం చేతిలో ఉంది, హాలు లేదు.

అందుకే మొదటి థాంక్స్ మా అటెండర్ అన్నకి. "ఎందుకంత టెన్షన్? సార్ పాఠం చెప్పిన గ్యాలరీ రూము లేదూ?" అంటూ తాళం తీశాడు. చాన్నాళ్లుగా మూసి ఉన్న గది, బెంచీల నిండా దుమ్ము. ఎవరూ పిలవకముందే ఫస్టియర్ పిల్లలు చీపుర్లు పట్టుకున్నారు. పదకొండుకల్లా గది సిద్ధం. నిజం చెప్పాలంటే, ఆ ఏసీ హాల్లో అయితే సభ ఇంత బాగా వచ్చేది కాదు.

ఉపన్యాసం ఇచ్చిన ప్రొఫెసర్ గారు సార్ దగ్గర మొదటి పీహెచ్‌డీ విద్యార్థి. దారిఖర్చులు కూడా తీసుకోలేదు. రాగానే చేతి గడియారం విప్పి బల్ల మీద ఎడమ పక్కన పెట్టారు. వెనక బెంచీల్లో నవ్వులు. సార్ అచ్చం అలాగే పెట్టేవారు. ముందు వరసలో మేడమ్ (సార్ భార్య) కూడా నవ్వారు.

ఆయన ఎంచుకున్న విషయం క్రామెర్-రావు అసమానత, అంటే ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి హద్దు చెప్పే సూత్రం. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు కలకత్తాలో పాఠం చెబుతున్నప్పుడు, పెద్ద శాంపిల్స్‌కి బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఇచ్చిన ఫలితం లాంటిది చిన్న శాంపిల్స్‌కి నిరూపించలేమా అని ఒక విద్యార్థి అడిగాడట. రావు గారు ఆ రాత్రే కూర్చుని నిరూపించి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అది అచ్చయ్యేనాటికి ఆయనకి పాతికేళ్లు నిండీ నిండని వయసు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. పక్షపాతం లేని (సగటున అసలు విలువనే ఇచ్చే) అంచనా ఏదైనా దాని వేరియన్స్ (అటూ ఇటూ ఎంత చెదురుతుందో చెప్పే కొలత) ఒక హద్దు కిందికి దిగదు అన్న ఈ ఒక్క మాట మాకు చెప్పడానికి సార్‌కి మూడు క్లాసులు పట్టింది. మా ప్రశ్నలు ఆగితే కదా!

ఆ ప్రశ్నలు ఎక్కడికి పోయాయో శనివారమే తెలిసింది. మేడమ్ ఇచ్చిన సార్ నోట్సు రిజిస్టర్లు గుమ్మం పక్కన బల్ల మీద పెట్టాం. ఒక పేజీ అంచున ఎర్ర ఇంకుతో, "రెండో బెంచీ అబ్బాయి అడిగింది నిజమే. చూడాలి" అని ఉంది. పేరు లేదు, తేదీ లేదు. ఆ అబ్బాయి తానంటే తానని ముగ్గురు సీనియర్లు టీ చల్లారేదాకా వాదించుకున్నారు. మేడమ్, ఆ రిజిస్టర్లు మాకు నమ్మి ఇచ్చినందుకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

రాలేకపోయినా డబ్బు పంపిన సీనియర్లకి, మైకు అరువిచ్చిన ఫిజిక్స్ వాళ్లకి, ఫోటోలు తీసిన తమ్ముడికి చాలా చాలా థాంక్స్. ఖర్చుల లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాం, చూడండి.

గ్యాలరీలో ఒక నల్ల గొడుగు మిగిలిపోయింది. అటెండర్ అన్న దగ్గర ఉంది, ఎవరిదో వచ్చి తీసుకెళ్లండి.