మనిషి పోయాక కాదు, ముందే కేసు పెట్టండి

సంపాదకులకు,

గత వారం మీ జిల్లా పేజీలో గుప్తనిధుల ముఠా దొరికిన వార్తకు ‘నరబలి కలకలం’ అని శీర్షిక పెట్టి, చివర ‘ప్రజల్లో మూఢనమ్మకాలు పోవాలి’ అని సరిపెట్టారు. మూఢనమ్మకం అనేస్తే తప్పు ఊరందరిదీ అయి, చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది.

అసలు బలయ్యేది ఎవరో చూడండి. ఇప్పుడు ఒడిశాలో ఉన్న గంజాం కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, కోందులనే గిరిజనులు భూదేవికి మెరియా అనే నరబలి ఇచ్చేవారు. దానికి మనిషిని వెలపెట్టి కొనాలి, లేదా వాడు బలికి ఉంచిన మనిషికే పుట్టి ఉండాలి. దళారులు మైదానాల నుంచి పిల్లల్ని తెచ్చి అమ్మేవారు. ‘నిన్ను కొనుక్కున్నాం, పాపం మాకంటదు’ అని చెప్పి మరీ చంపేవారు. పసుపు పంట బాగుండాలని మాంసం ముక్కలు పొలంలో పాతేవారు. బ్రిటిష్‌వాళ్లు దీన్ని ఆపడానికి 1845లో ప్రత్యేక ఏజెన్సీ పెట్టి, 1861 దాకా కొండల్లో తిరిగి, మనిషికి బదులు దున్నను ఇచ్చేలా చేశారు. భూదేవి మీద నమ్మకం అలాగే ఉంది. మనిషిని కొనే దారి మూతపడింది, అంతే. 2022లో కేరళలోని ఎలంతూరులో నరబలికి ప్రాణాలు పోగొట్టుకున్నదీ లాటరీ టికెట్లు అమ్ముకునే ఇద్దరు పేద ఆడవాళ్లే.

మన దగ్గర గుప్తనిధుల తంతు రాయలసీమలో, తెలంగాణలో అందరికీ తెలుసు. నిధి ఎక్కడుందో కనిపిస్తుందని బొటనవేలి గోరుకు అంజనం రాసి చూస్తారు, చూడ్డానికి పాయాళువు (కాళ్లు ముందుగా పుట్టినవాడు) కావాలంటారు. పాడుబడ్డ గుడిలో నంది కింద తవ్వుతారు. నిమ్మకాయలు, గుమ్మడికాయ, నల్లకోడి, మేక. ఏమీ దొరక్కపోతే ‘శక్తి ఇంకా పెద్దది అడుగుతోంది’ అంటాడు మంత్రగాడు. అమావాస్యకు ఏ దిక్కూలేని పిల్లాడి కోసమో వెతుకుతారు. ఇన్ని మెట్లు దాటేదాకా పోలీసులు, రెవెన్యూవాళ్లు ఎక్కడున్నట్టు?

హత్య జరిగితే భారతీయ న్యాయ సంహితలో 103 సెక్షన్ ఉంది. అంతకుముందు? 1878 నాటి నిధి చట్టం పది రూపాయలకు మించిన నిధి దొరికి కలెక్టరుకు చెప్పనివాడికి ఏడాది దాకా జైలంటుంది. ఏమీ దొరకనివాడి జోలికి అది పోదు. మహారాష్ట్ర 2013లో తెచ్చిన నరబలి, చేతబడి నిరోధక చట్టంలో నిధుల కోసం చేసే అమానుష పనులు, నరబలి ప్రయత్నం, అందుకు ఉసిగొల్పడం అన్నీ నేరాలే. ఆరు నెలల నుంచి ఏడేళ్లు జైలు, బెయిలు హక్కుగా రాదు. దాని కోసం పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను పుణెలో కాల్చి చంపాకగానీ ఆ ప్రభుత్వం కదల్లేదన్నది వేరే సంగతి. కర్ణాటక 2017లో అలాంటి చట్టమే చేసుకుంది. మన రెండు రాష్ట్రాల్లో గుళ్లలో కోడిని, మేకను బలివ్వకుండా 1950 నాటి చట్టం ఉంది. మనిషిని బలిమ్మని సలహా ఇచ్చేవాడి కోసం విడిగా ఒక్క చట్టం లేదు. ఎన్ని ప్రభుత్వాలు మారాయి, ఒక్క శాసనసభ్యుడికీ ఇది పట్టలేదు.

పత్రికల బాధ్యతా తక్కువ కాదు. శవం పక్కన కుంకుమ కనిపిస్తే చాలు, పోస్టుమార్టం కాకముందే నరబలి అని రాస్తారు. ఆ రాతతో ఊళ్లో బాణామతి అనుమానం పుట్టి ఇంకో ముసలామె మీద పడతారు. లోపలి పేజీలో వశీకరణం ప్రకటనలు వేసి డబ్బు తీసుకునేదీ పత్రికలే. అవి ఆపండి.

ఆ ముఠా మీద ఏ సెక్షన్లు పెట్టారో, అంజనం వేసినవాడు నిందితుల జాబితాలో ఉన్నాడో లేదో మీ విలేకరి రాయలేదు. కనుక్కుని ప్రచురించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, అనంతపురం