రమణకి, ఫిల్టర్ కొటేషన్ల విషయమై

ఒరేయ్ రమణా,

మెషిన్లలో లోహాన్ని కోసేటప్పుడు చల్లబరచడానికి పోసే కూలెంట్‌ని వడగట్టే ఫిల్టర్ల కోసం నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చూశాను. ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదు. పైగా షాపులో ఉంటే నీకు సగం వినపడదు. అందుకే కూర్చుని రాస్తున్నాను, తాపీగా చదువు. చదివేదాకా ఎవడికీ అడ్వాన్స్ ఇవ్వకు. పదిహేనో తారీఖులోపు ఆర్డర్ పెడితే డిస్కౌంట్ అన్నాడు చూడు, ఆ డిస్కౌంట్ పదహారున కూడా ఉంటుంది.

మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే ఒకటి తెలుస్తోంది. పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తుందని అందరూ అడిగారు, అందులో పడే చెత్త ఏమిటని ఒక్కడూ అడగలేదు. పేపర్ ఫిల్టర్ అమ్మేవాడు పేపర్ ఫిల్టరే రాశాడు, మాగ్నెటిక్ సెపరేటర్ అమ్మేవాడు అదే రాశాడు, గిర్రున తిప్పి చెత్త వేరుచేసే ఆ సెంట్రిఫ్యూజ్ వాడైతే షాపు మొత్తానికి ఒక్కటే పెట్టేయమన్నాడు. వాళ్ల దగ్గరున్నది వాళ్లు అమ్ముకుంటారు, తప్పేం లేదు. కానీ ఫిల్టర్ రకాన్ని తేల్చాల్సింది నీ కూలెంట్‌లో చేరే బురద. పంపు లెక్క దాని సైజు తేల్చడానికి మాత్రమే.

బురద సంగతి తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. మూత బిగుతుగా ఉండే గాజు సీసాలు తీసుకుని, మెషిన్ నడుస్తుండగా నాజిల్ దగ్గర పట్టు. ట్యాంకులో పైపైన ముంచకు, నూనె తప్ప ఏమీ రాదు. ఒక్కో సీసా మీద మెషిన్ పేరు రాసి కిటికీలో పెట్టి, కాసేపు అక్కడే ఉండి చూడు. వీఎంసీ (నిలువు స్పిండిల్‌తో లోహాన్ని కోసే కంప్యూటర్ మెషిన్) సీసాలో ముక్కలు చకచకా అడుగుకి దిగిపోతాయి. అలాంటిదానికి ట్యాంకులో రెండు అడ్డ రేకులు పెట్టి, నీళ్లు పంపు చేరేలోపు కాస్త నిలిచేలా చేస్తే చాలావరకు సరిపోతుంది. గ్రైండర్ సీసా అలా కాదు, గంటైనా బూడిదరంగు వదలదు. అప్పుడు మంచి మాగ్నెట్ ఒకటి సీసా పక్కన ఆనించి మెల్లగా పైకి జరుపు. నల్లటి పొడి గాజు వెంట పాకుతూ వస్తుంది. అది ఇనుము. ఎంత జరిపినా కదలకుండా అడుగునే కూర్చునే గరుకు పొడి గ్రైండింగ్ వీల్ నుంచి రాలినది. తెల్లారి మళ్లీ వెళ్లి, పైన తేలిన నూనె పొర ఎంత మందం ఉందో స్కేలు పెట్టి కొలువు. అది చాలావరకు కూలెంట్ నూనె కాదు, మెషిన్ భాగాలు జారే పట్టాల (స్లైడ్‌వేల) నుంచి కారిన 68 నంబర్ ఆయిల్. దాని సంగతి వేరే చెబుతాను.

ఇప్పుడు నీ సిలిండ్రికల్ గ్రైండర్. నువ్వు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. బేరింగ్ సీటు మీద గీతలున్నాయని షాఫ్టులు వెనక్కి వస్తున్నాయన్నావు కదా, ఆ జాబ్‌ని, అంటే ఆ షాఫ్టుని, వెలుతురులో తిప్పి చూడు. గీతలు పొట్టిగా, ఒక వరసా వావీ లేకుండా అక్కడక్కడా ఉంటే, కూలెంట్‌తో తిరిగొచ్చిన పొడి చేసిన పని. అలా కాక సమానమైన ఎడంతో జాబ్ చుట్టూ వరసగా తిరిగి ఉంటే వీల్‌ని సానబట్టే డ్రెస్సింగ్ సరిగా లేదన్నమాట. దానికి ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా గీతలు పోవు, ఆపరేటర్‌ని కూర్చోబెట్టి మాట్లాడాలి.

గీతలు మొదటి రకమే అనుకుందాం. నీ పని ఎక్కువగా ఈఎన్ 8, ఈఎన్ 31 రకం ఉక్కు కాబట్టి మాగ్నెటిక్ సెపరేటర్ బాగానే పనికొస్తుంది. డ్రమ్ము ఇనుప పొడిని లాగుతుంది, బ్లేడు దాన్ని గీకి డబ్బాలో పడేస్తుంది, నెలనెలా కొనాల్సిన సామానేమీ లేదు. డ్రమ్ము మీద పేరుకున్న ఇనుప పొడి వీల్ పొడిని కూడా కొంత పట్టుకుంటుంది. కొంతే! మిగిలింది మళ్లీ జాబ్ మీదకే పోతుంది. రేపు మాగ్నెట్‌కి పెద్దగా అంటని స్టెయిన్‌లెస్ 304 ఆర్డర్ తీసుకున్నావంటే ఆ డ్రమ్ము దాదాపు దండగే. అందుకని ముందు మాగ్నెట్, దాని వెనక పేపర్ బ్యాండ్ ఫిల్టర్. రెండూ కలిపి ఒకే యూనిట్‌గా చేసేవాళ్లున్నారు. బరువంతా మాగ్నెట్ ముందే దింపేస్తుంది కాబట్టి పేపర్ రోలు ఎక్కువ కాలం వస్తుంది.

పేపర్ ఫిల్టర్ నడుస్తుంటే ఒకసారి దగ్గర నిలబడి చూడు, ముచ్చటగా ఉంటుంది. పేపర్ మీద కూలెంట్ చిన్న మడుగు కడుతుంది. బురద పేరుకునే కొద్దీ నీళ్లు దిగడం ఆలస్యమై మడుగు మట్టం లేస్తుంది, దాంతో పాటు ఫ్లోటూ లేస్తుంది, స్విచ్ పడుతుంది, మోటారు పేపర్‌ని కొంచెం ముందుకు లాగుతుంది, మట్టం దిగుతుంది. అంతే. కొత్త పేపర్ కంటే బురద పట్టిన పేపరే బాగా వడగడుతుంది, డికాక్షన్ ఫిల్టర్లో అసలు వడపోత కాఫీ పొడిదే అయినట్టు. అందుకే ఫ్లోట్‌ని మరీ కిందకి సెట్ చేయకూడదు. చేస్తే పేపర్ శుభ్రంగా ఉండగానే జరిగిపోయి, రోలు దండగ, వడపోతా సరిగ్గా ఉండదు. కమిషనింగ్‌కి వచ్చిన కుర్రాడు కిందకే పెట్టి వెళ్తాడు, ట్యాంకు పొంగిందని ఫోన్ రాకుండా. నువ్వే సరిచేసుకో.

ఇంకొకటి, రోలు వెడల్పు అడుగు. బజార్లో దొరికే వెడల్పేనా, లేక వాళ్ల దగ్గర మాత్రమే దొరికే వింత సైజా? ఇక్కడ బాలానగర్‌లో మా పక్క షెడ్ వాళ్లకి ఫిల్టర్ చవగ్గా వచ్చింది. ఇప్పుడు ప్రతి రోలుకీ అమ్మినవాడి దయ మీద బతుకుతున్నారు.

కొటేషన్లలో హైడ్రోసైక్లోన్ ఎవరూ ఎందుకు రాయలేదని అడిగావు. మంచిదే. తిరిగే భాగాల్లేవు, పేపర్ లేదు. ఒత్తిడితో పక్కనుంచి కొడితే నీళ్లు సుడి తిరిగి, బరువైన పొడి గోడకి చేరి కింద కారుతుంది, శుభ్రమైనది పైనుంచి వెళ్తుంది. కానీ బరువు తేడా మీద నడిచే పని కాబట్టి స్టీల్‌కి బాగుంటుంది, అల్యూమినియానికి అంత ఉండదు. నీళ్లు కలపని చిక్కటి నీట్ ఆయిల్లో ఇంకా తగ్గిపోతుంది. పంపు ఒత్తిడి పడిపోతే వడపోతా పడిపోతుంది. పొడవాటి ముక్క ఒక్కటి అడుగు నాజిల్లో ఇరుక్కుందా, నీకు తెలియకుండానే బురదంతా శుభ్రమైన వైపుకి వెళ్లిపోతుంది. పైగా కారిన నూనెని బాగా చిలికి కూలెంట్‌లో కలిపేస్తుంది. రోజూ చూసుకునే మనిషి ఉంటే పెట్టొచ్చు. నీ షాపులో ఆ మనిషి నువ్వే, నువ్వేమో సగం రోజు డెలివరీల మీద తిరుగుతుంటావు.

వీఎంసీలు రెండింటికీ ఫిల్టర్ అనవసరం. కన్వేయర్, జల్లెడ శుభ్రంగా ఉంచుకుని, నూనె తీసే బెల్ట్ స్కిమ్మర్ ఒక్కొక్కటి పెట్టు. సంప్ (మెషిన్ కింద కూలెంట్ ట్యాంకు) కడగడానికి తోపుడు బండి మీద ఉండే సంప్ క్లీనర్ ఒకటి కొంటే అన్ని మెషిన్లకీ తిరుగుతుంది. కొత్తగా తీసుకుంటానంటున్న హెచ్ఎంసీ (అడ్డ స్పిండిల్ ఉండే మెషిన్) సంగతి వేరు. స్పిండిల్ లోపలినుంచి 20 బారో, 70 బారో ఒత్తిడితో కూలెంట్ పంపే మెషిన్‌లో పొడి చేరితే ముందు పోయేది తిరిగే స్పిండిల్‌లోకి కూలెంట్ ఎక్కించే జాయింటు (రోటరీ యూనియన్) సీలు, తర్వాత పంపు. ఎన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వడపోత కావాలో దాని కేటలాగ్‌లోనే ఉంటుంది, ఆ అంకె పట్టుకుని జంట బ్యాగ్ ఫిల్టర్ పెట్టించు. ఒకటి మారుస్తుంటే రెండోది నడుస్తుంది, మెషిన్ ఆపక్కర్లేదు. బ్యాగులు 7 అంగుళాల వ్యాసం, 32 అంగుళాల పొడవు ఉండే రెండో నంబర్ సైజైతే ఎక్కడైనా దొరుకుతాయి. ముందూ వెనకా గేజీలు పెట్టించు. రెండింటి మధ్య తేడా ఒక బారు దాకా వచ్చిందంటే బ్యాగు మార్చేయ్.

మైక్రాన్ల దగ్గర ఒక కిటుకుంది. "10 మైక్రాన్లు" అని బ్రోచర్లో పెద్దక్షరాలతో వేస్తారు. అది నామినలా (ఉజ్జాయింపా), అబ్సల్యూటా (కచ్చితమా) అని అడుగు. నామినల్‌కి అందరూ ఒప్పుకున్న ఒకే లెక్కంటూ లేదు, ఎవరి లెక్క వాళ్లదే. బీటా ఎంతని అడుగు. 25 మైక్రాన్ల దగ్గర బీటా 75 అన్నాడంటే, ఆ సైజూ అంతకన్నా పెద్దవీ 75 రేణువులు వస్తే ఒక్కటే దాటుతుందని అర్థం. జవాబు చెప్పగలిగినవాడికి తన ఫిల్టర్ తెలుసు. తడుముకున్నవాడు బ్రోచర్ చదువుకుని వచ్చాడు. అలాగని మరీ సన్నటిదానికి ఎగబడకు, నురుగు రాకుండా కూలెంట్‌లో కలిపే మందు కూడా కొంత ఫిల్టర్లోనే ఇరుక్కుంటుంది.

లీటర్ల లెక్క కూడా చూడు. కొటేషన్లో నిమిషానికి 100 లీటర్లు అన్నది నీళ్లలో నూనె కలిపిన, నీళ్లలాంటి ఎమల్షన్‌కి. అదే ఫిల్టర్ నీట్ ఆయిల్‌కి అందులో సగం కూడా లాగకపోవచ్చు. నీ గ్రైండర్ పంపు 40 లీటర్లది కాబట్టి 60కి తగ్గని ఫిల్టర్ అడుగు.

సెంట్రిఫ్యూజ్ వాడు చెప్పిన సెంట్రల్ ట్యాంకు జోలికి మాత్రం పోకు. ఒకే రకం జాబ్ రోజంతా చేసే పెద్ద ఫ్యాక్టరీకి అది బంగారం. నీ దగ్గర పొద్దున కాస్ట్ ఐరన్, మధ్యాహ్నం అల్యూమినియం. ఒక్క ట్యాంకు కంపు కొడితే షాపు షాపంతా కూర్చుంటుంది.

కంపంటే గుర్తొచ్చింది. సంక్రాంతి సెలవల తర్వాత షట్టర్ ఎత్తగానే కుళ్లిన గుడ్ల వాసన కొట్టిందన్నావు, దాన్ని ఏ ఫిల్టరూ ఆపదు. తేలిన నూనె మూత వేసినట్టు పరుచుకుంటుంది, కిందకి గాలి దిగదు, గాలి అక్కర్లేని బాక్టీరియా పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. ఆపరేటర్ల చేతులకి దురదలు కూడా కూలెంట్ పాడైనప్పుడే ఎక్కువ. సెలవల ముందు స్కిమ్మర్ నడిపి నూనె తీసేయించు, ట్యాంకులో చిన్న గాలి పంపు వదిలేయ్, ఆక్వేరియంలో పెట్టేదైనా సరే. పీహెచ్ 8.5 కంటే దిగకుండా చూసుకో. కూలెంట్ చిక్కదనం చూపే రిఫ్రాక్టోమీటర్ రీడింగ్‌ని కూలెంట్ వాడు ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణించాకే శాతం చూడు. మీ ఆపరేటర్ వట్టి రీడింగే రాస్తున్నాడని నాకు గట్టి అనుమానం. బోరు నీళ్లు పోయకు, ఆర్వో నీళ్లు పొయ్యి. గాజువాక సముద్రపు గాలికి జాబులు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంటే, నువ్వు ఉప్పు నీళ్లతో దానికి తోడ్పడటం ఎందుకు?

పాడైన కూలెంట్‌ని మాత్రం డ్రైన్‌లో పోయించకు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద మామూలుగా 90 రోజులకి మించి షాపులో నిలవ ఉంచకూడదు. మీకు పరవాడ ఫార్మా సిటీలోనే ఆ వ్యర్థాలు తీసుకునే కేంద్రం ఉంది, కాబట్టి దూరం సాకు లేదు. ఫిల్టర్ వల్ల కూలెంట్ ఎక్కువ కాలం మన్నితే ఈ ఖర్చూ తగ్గుతుంది. ధర పోల్చేటప్పుడు ఇదీ కలుపు. రోలు ఖర్చు, కరెంటు, బురదతో పాటు పోయే కూలెంట్, శుభ్రం చేసే మనిషి సమయం, అన్నీ ఏడాదికి వేసి చూడు. చవకగా కనిపించే రెండో కొటేషన్ అక్కడే జారిపోతుంది.

ఆర్డర్ పెట్టే ముందు ఆ పేపర్ ఫిల్టర్ వాడికి ఒక క్యాన్ నిండా నీ గ్రైండర్ కూలెంట్ పంపి, వాడి పేపర్ మీద పోసి చూపించమను. వడగట్టినది నీకు వెనక్కి పంపాలి. దాన్నీ సీసాలో పోసి పాతదాని పక్కన పెట్టు. వాడు కుదరదన్నాడంటే బేరం అక్కడే ఆపెయ్, నేను ఇక్కడ ఇంకొకర్ని చూస్తాను. సీసాల ఫొటోలు పంపు, గ్రైండర్ సంప్ పొడవు వెడల్పు లోతు కూడా రాయి, అది లేకుండా ఫిల్టర్ ఎక్కడ కూర్చుంటుందో చెప్పలేను. చెల్లెమ్మకి, పిల్లలకి అడిగానని చెప్పు.

నీ
ప్రసాద్