మాస్టారు విమానం ఎక్కేలోపు చెప్పాల్సిన మాట

అందరికీ నమస్కారం.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, ఇక్కడ అమెరికాలో హైస్కూల్ పిల్లలు రాసే కాలేజీ స్థాయి పరీక్ష) యూరోపియన్ హిస్టరీ పరీక్ష రాసి వారం దాటింది. మార్కులు జూలైలో గానీ రావు. అవి వచ్చాకే రాద్దామనుకున్నాను. కానీ నేను ముందుగా దండం పెట్టాల్సిన పెద్దాయన వచ్చే బుధవారం ఇండియాకు వెళ్లిపోతున్నారు. ఆయన ఇక్కడ ఉండగానే నలుగురిలో చెప్పాలనిపించి ఇవాళే కూర్చున్నాను.

నేను తొమ్మిదో తరగతి దాకా కరీంనగర్‌లో చదివాను. నాన్న ఉద్యోగం మీద రెండేళ్ల కింద డాలస్ వచ్చాం. ఈ క్లాసు తీసుకుంటానంటే "ఇంగ్లిష్‌లో అంతంత రాయడం నీకు కష్టం, వద్దు" అన్నవాళ్లు ఉన్నారు. పట్టుబట్టి తీసుకున్నాను. అక్టోబరులో మొదటి డీబీక్యూ రాస్తే ఏడుకు రెండు వచ్చాయి.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. డీబీక్యూ అంటే ఏడు పాత పత్రాలు చేతిలో పెడతారు. ఉత్తరం, శాసనం, ప్రసంగం, బొమ్మ, ఏదైనా కావచ్చు. గంటలో అవన్నీ చదివి, మనకంటూ ఒక వాదన నిలబెట్టి వ్యాసం రాయాలి. 3 గంటల 15 నిమిషాల పరీక్షలో ఈ ఒక్కదానికే 25 శాతం. నేను మాత్రం మన దగ్గర పదిమార్కుల జవాబు రాసినట్టే రాశాను. సైడ్ హెడింగులు పెట్టి, ఒకటో పత్రంలో ఏముంది, రెండో దాంట్లో ఏముంది అని వరసగా అప్పజెప్పాను. మా టీచర్ ప్రతి పేరా పక్కన ఎర్ర పెన్నుతో ఒకే ప్రశ్న రాసిచ్చారు: "అయితే ఏంటి?"

ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. మేడమ్, ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. తర్వాత మీరు ప్రతి మంగళవారం బడి అయ్యాక అరగంట నా కోసం ఆగారు. నా ఇంగ్లిష్‌ను ఒక్కసారి కూడా తప్పుపట్టలేదు, నా ఆలోచననే దిద్దారు. మీకు తెలుగు రాదు, దీన్ని చదివి వినిపించే పూచీ నాది.

ఇక మాస్టారి సంగతి. ఆయన నా క్లాస్‌మేట్‌కు తాతగారు. తెనాలి వైపు డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియం పిల్లలకు హిస్టరీ చెప్పి రిటైరయ్యారు. ఆరు నెలలకని కూతురింటికి వచ్చారు. డిసెంబరులో వాళ్లింట్లో మేమిద్దరం చదువుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుని, "ఏదమ్మా, ఆ కాగితం ఇలా ఇవ్వు" అన్నారు. ఏపీ పరీక్ష అనేదాన్ని ఆయన అంతకుముందు చూసిందే లేదు. భూతద్దం పెట్టుకుని నిదానంగా చదివారు.

అది 1525 నాటి పన్నెండు కోరికల పత్రం. మెమ్మింగెన్ అనే ఊళ్లో జర్మన్ రైతుల తరఫున రాసింది. మా పాస్టర్‌ను మేమే ఎన్నుకుంటాం, అడవిలో కట్టెలు కొట్టుకోనివ్వండి, ఏట్లో చేపలు పట్టుకోనివ్వండి, ఇంటిపెద్ద చచ్చిపోతే ఆ ఇంటి మీద వేసే పన్ను తీసెయ్యండి, ఇలా సాగుతుంది. నేను ఎప్పటిలాగే కోరికలన్నీ ఒక వరసలో రాసుకున్నాను. మాస్టారు మాత్రం చివరిదాని మీద వేలు పెట్టి ఆగిపోయారు. "మా కోరికల్లో ఏదైనా దేవుని వాక్యానికి విరుద్ధమని గ్రంథం చూపిస్తే దాన్ని వదులుకుంటాం" అనే అర్థంలో ఉంటుంది ఆ పన్నెండోది. "రైతులకి ఈ మాట ఎక్కడిదమ్మాయ్?" అని అడిగారు. నేను తెల్లమొహం వేశాను. "ఎనిమిదేళ్ల కిందట విట్టెన్‌బర్గ్‌లో, పోప్‌ను ఎదిరించిన మతసంస్కర్త మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన మాట కదా అది! ఆయన మాటనే ఆయనకి తిప్పి చూపిస్తున్నారు. నువ్వన్నదే మేమూ అంటున్నాం, మా పక్కన నిలబడు అంటున్నారు."

ఆ తర్వాత లూథర్‌వి రెండు పత్రాలు పక్కపక్కన పెట్టించారు. రెండూ 1525వే. మొదటి దాంట్లో ప్రభువుల్నీ రైతుల్నీ ఇద్దరినీ మందలిస్తాడు. కొద్ది వారాలకే వచ్చిన రెండో దాంట్లో తిరగబడ్డ రైతుల్ని చంపెయ్యమంటాడు. మనిషి ఒకడే, ఏడాది ఒకటే. మధ్యలో ఏం మారింది? తిరుగుబాటు ముదిరింది, గడీలూ మఠాలూ తగలబడ్డాయి. పైగా పోప్ నుంచీ చక్రవర్తి నుంచీ ఆయన్ను కాపాడుతున్నది ప్రభువులే. ఆ ఏడాది తిరుగుబాటును అణిచేటప్పుడు చనిపోయిన రైతులు లక్ష దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. ఆ అంకె నాకు ముందే తెలుసు, కానీ ఆ రెండు కాగితాలు ఒకదాని పక్కన ఒకటి చూసేవరకు మనసుకు తగల్లేదు.

ఎవరన్నారు, ఎవరితో అన్నారు, అప్పుడే ఎందుకన్నారు? మాస్టారు నాకిచ్చినవి ఈ మూడు ప్రశ్నలే. క్లాసులో 'సోర్సింగ్' అని ఎన్నిసార్లు విన్నా ఎక్కనిది, మా ఇళ్లల్లో పంచాయితీ తీర్చే పెద్దమనిషి అడిగినట్టు ఆయన అడిగేసరికి ఒక్కసారిగా ఎక్కింది.

ఇంకో విషయం రాయకుండా ఉండలేను. ఈ తిరుగుబాటు 1524లో ష్టూలింగెన్ దగ్గర మొదలైంది. కోతల వేళ అక్కడి దొరసాని, దారం చుట్టుకోవడానికి నత్తగుల్లలు ఏరుకురమ్మని రైతుల్ని పంపిందట. అదే నిప్పు రాజేసిందని చెబుతారు. నేను ఇంగ్లిష్‌లో ఏదో పెద్ద పదం వాడి వివరించబోతే మాస్టారు ఆపి, "దీనికి మీ వైపు ఒక మాట ఉందే" అన్నారు. "వెట్టి" అన్నాను. మా అమ్మమ్మ వాళ్లమ్మ దొర గడీకి ఉత్తపుణ్యానికి పాలు, కట్టెలు మోసిన కథలు చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. జర్మనీ రైతు, మా ముత్తవ్వ ఒకరికొకరు తెలియదు. ఆ రోజు మాత్రం ఇద్దరూ నా నోట్‌బుక్కులో ఒకే పేజీలో ఉన్నారు. ఆ వ్యాసానికి ఏడుకు ఆరు వచ్చాయి.

మా లైబ్రరీ బృందానికి కూడా చాలా చాలా థ్యాంక్స్. జనవరి నుంచి ప్రతి శనివారం నలుగురం కలిసేవాళ్లం. అందులో ఒకమ్మాయిది పోలండ్ కుటుంబం. పోలండ్ విభజనలు నాకు ఎంతకీ గుర్తుండేవి కావు. తను వైట్‌బోర్డు మీద మూడు పటాలు గీసింది: 1772, 1793, 1795. రష్యాకు ఎరుపు, ప్రష్యాకు నీలం, ఆస్ట్రియాకు ఆకుపచ్చ. రెండో పటం దగ్గర ఆకుపచ్చ మార్కర్‌కు మూత తియ్యనే లేదు, ఎందుకంటే 1793లో ఆస్ట్రియాకు వాటా లేదు. మూడో పటం అయ్యేసరికి బోర్డు మీద ఖాళీ మిగల్లేదు. "1918 దాకా ఇంతే" అని మార్కర్ కింద పెట్టేసింది. 123 ఏళ్లు పటంలో లేని దేశం తనవాళ్లది. జాతీయవాదం అనే మాట నేను చాలా పేజీల్లో చదివాను. అర్థమైంది మాత్రం అక్కడే.

పరీక్షలో ఏమొచ్చిందో ఇక్కడ రాయను. ఎలా రాశానో మాత్రం చెబుతాను. ఇప్పుడు మొత్తం ల్యాప్‌టాప్ మీదే. డీబీక్యూ తృప్తిగా రాశాను. షార్ట్ ఆన్సర్లలో ఒకదాని మీద అవసరానికి మించి కూర్చున్నాను, మూడో దానికి హడావుడి పడాల్సి వచ్చింది. వచ్చే ఏడాది రాసేవాళ్లు మూడింటికి 40 నిమిషాలన్నది గుర్తుపెట్టుకుని, గడియారం పెట్టుకుని సాధన చెయ్యండి. పాత వ్యాస ప్రశ్నలు, వాటికి మార్కులు ఎలా వేస్తారో, పిల్లలు రాసిన నమూనా జవాబులతో సహా, ఈ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ సంస్థ సైట్‌లో ఉచితంగా ఉంటాయి. గైడ్లు కొనేముందు అవి చదవండి, నాకు అన్నిటికన్నా అవే పనికొచ్చాయి.

నాన్న ప్రతి శనివారం లైబ్రరీ బయట కార్లోనే ఆఫీసు పని చేసుకున్నారు. అమ్మ చపాతీలు వత్తుతూ ఫ్లాష్‌కార్డులు అడిగేది. వెస్ట్‌ఫాలియా సంధి 1648, వియన్నా సమావేశం 1815 ఇప్పుడు తనకూ వచ్చేశాయి. అమ్మా నాన్నా, మీ ఓపికకు ఏమిచ్చుకోను!

మాస్టారూ, మీరు మా ఇద్దరికి చెప్పింది డబ్బు కోసం కాదు, పేరు కోసం అంతకన్నా కాదు. నడుం నొప్పితో కూడా గంటలు గంటలు కూర్చున్నారు. మొన్న ఆ పన్నెండు కోరికలు పూర్తిపాఠం ఊరికి తీసుకెళ్తానన్నారు కదా. భూతద్దం అక్కర్లేకుండా పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి, స్పైరల్ బైండింగ్ చేయించాను. ఆదివారం సాయంత్రం తెచ్చిస్తాను.