ఉప్పునీళ్లకు ఈకలు తెల్లబడవు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో సముద్రపక్షుల గురించి ఒక చిన్న ముక్క వేశారు. బొమ్మ చాలా బాగుంది, కానీ దాని కింద రాసింది తప్పు. గల్స్, టెర్న్‌లు తరతరాలుగా ఉప్పునీళ్లలో తడిసి, ఎండకు ఎండి తెల్లబడ్డాయని రాశారు. మా పాప ఏడో తరగతి. అది చదివి, పొద్దున కోళ్లకు గింజలు వేస్తూ, "నాయనా, మన కాకి పుంజు మీద రోజూ ఉప్పునీళ్లు చల్లితే దానికి తెల్ల పిల్లలు పుడతాయా?" అని అడిగింది. మీరు రాసింది నమ్మిన పిల్ల అడగాల్సిన ప్రశ్నే అది. నేను డిగ్రీలో జువాలజీ చదివి, పన్నెండేళ్లుగా ఓర్వకల్లు దగ్గర నాటుకోళ్లు పెంచుతున్నాను, అందుకే చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

ఈకకు రంగు పట్టేది అది చర్మంలో మొలుస్తున్నప్పుడే. అక్కడి కణాలు మెలనిన్ అనే పదార్థాన్ని సన్నటి గింజల్లా తయారుచేసి, పెరుగుతున్న ఈకకు అందిస్తాయి. మెలనిన్‌లో ఒక రకం నలుపు, ఇంకో రకం ఎర్రమట్టి రంగు, ఏదీ అందని చోట ఈక తెల్లగా ఉంటుంది. పూర్తిగా పెరిగిన ఈక మన గోరులాంటిదే, దానిలో ప్రాణం ఉండదు. ఎండకు రంగు వెలిసిపోవడం మాత్రం ఉంది. మా నల్ల పెట్టల్లో ఒకదానికి మే నెలాఖరుకల్లా రెక్క ఈకల అంచులు టీ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి, అదే ఈకను పైకెత్తి చూస్తే పక్క ఈక కింద దాగిన భాగం ఇంకా నిగనిగలాడే నలుపే. పాతవి రాలి కొత్తవి వచ్చాయంటే మళ్లీ మొత్తం నలుపే. ఎండకు వెలిసిన రంగు గుడ్డులోకి పోదు, పిల్లకు రాదు. గుడ్డులోకి పోయేది జన్యువు.

దీనికి సముద్రపక్షుల్లోనే మంచి ఉదాహరణ ఉంది, ఆర్కిటిక్ స్కువా. ఉత్తరాన చలి సముద్రాల దగ్గర గుడ్లు పెట్టే ఈ పక్షి, వేరే పక్షుల వెంటపడి వాటి నోట్లో చేపను వదిలించి ఎత్తుకుపోతుంది. వీటిలో కొన్ని ఒళ్లంతా ముదురు గోధుమ రంగులో ఉంటాయి, కొన్నింటికి మెడ, పొట్ట తెలుపు, కొన్ని ఈ రెంటికీ మధ్యరకం. జాతి ఒక్కటే, ముదురుదీ తెల్లపొట్టదీ జతకడతాయి కూడా. స్కాట్లాండ్ పైనున్న షెట్లాండ్ దీవుల్లో ముదురువి ఎక్కువ, ఇంకా ఉత్తరానికి స్పిట్స్‌బెర్గెన్ అనే దీవి వైపు పోతే దాదాపు అన్నీ తెల్లపొట్టవే. తడిసేది మాత్రం రెండు చోట్లా ఉప్పునీళ్లలోనే కదా!

2004లో నికొలస్ మండీ, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఈ తేడా ఎక్కడుందో చూపించారు. ఎంసీ1ఆర్ అనే జన్యువు రంగు కణం పైన స్విచ్ లాంటి ఒక ప్రోటీన్‌ను తయారుచేస్తుంది, అది ఆన్ అయితే నలుపు తయారవుతుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండ లాంటిది. ముదురు స్కువాల్లో ఆ దండలోని 230వ పూస ఒక్కటి మారింది, ఆర్జినిన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ వచ్చింది. బోరు మోటారు స్టార్టర్ ఆన్‌లోనే ఇరుక్కుపోయిందనుకోండి, అలాంటిదే ఇది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఈ మార్పు వచ్చిన పిల్ల ముదురుగా, ఒక వైపు నుంచే వస్తే మధ్యరకంగా ఉంటుంది.

మంచు బాతుల్లో (ఇంగ్లీషులో స్నో గూస్) ముదురు రంగుదీ ఇదే జన్యువు, అక్కడ మార్పు 85వ చోట. ఎర్రకాళ్ల బూబీ అనే సముద్రపక్షిలోనూ ఇదే జన్యువు. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మాత్రం, మా పెరట్లో కోళ్లది కూడా ఇదే కథ కావడం. కోడికి ఒళ్లంతా నలుపు తెచ్చే మార్పు ఇదే ఎంసీ1ఆర్‌లో 92వ చోట ఉంది. ఒకదానికొకటి సంబంధం లేకుండా, వేరువేరు కాలాల్లో, వేరువేరు పక్షుల్లో ఒకే జన్యువు మారి నలుపు పుట్టింది. (సంతలో నల్ల ఈకల నాటుకోడిని కడక్‌నాథ్ అని అంటగట్టేవాళ్లుంటారు, జాగ్రత్త. కడక్‌నాథ్‌కు చర్మం, మాంసం కూడా నల్లగా ఉండేది ఈడీఎన్3 అనే వేరే జన్యువు వల్ల.)

మార్పు పుట్టినంత మాత్రాన నిలవదు. అది ఉన్న పక్షి బతకాలి, జత దొరకాలి. స్కువాల్లో ముదురు మగవాటికి జత తొందరగా కుదురుతుందని తేలింది. మంచు బాతు పిల్లలైతే తాము పెరిగిన గూట్లో తల్లిదండ్రుల రంగు గుర్తుపెట్టుకుని, పెద్దయ్యాక అదే రంగు జత కోసం వెతుకుతాయి.

మరి తెల్లపొట్ట ఎందుకు నిలిచింది? దీనికి సముద్రం దాకా పోనక్కర్లేదు, సుంకేసుల బ్యారేజీ మీద సాయంత్రం ఒక గంట నిలబడితే చాలు. సముద్రపు టెర్న్‌ల చుట్టమే అయిన నది టెర్న్ అక్కడ తుంగభద్ర మీద తిరుగుతుంటుంది. నెత్తిన నల్ల టోపీ, పసుపు ముక్కు, బూడిద రంగు వీపు, కింద తెలుపు. గాల్లో ఒక్క క్షణం ఆగి, ముక్కు కిందికి పెట్టి దబ్బున నీళ్లలో పడుతుంది. నీళ్లలోంచి పైకి చూసే చేపకు వెలుగున్న ఆకాశంలో తెల్లపొట్ట అంత తొందరగా కనబడదు. అలాగని నలుపుకు పని లేదని కాదు. మెలనిన్ ఉన్న ఈక గట్టిది, తొందరగా అరగదు, అందుకే ఒళ్లు చాలావరకు తెల్లగా ఉన్న గల్స్‌లో చాలావాటికి కూడా రెక్కల కొసలు నల్లగా ఉంటాయి. ఆ నలుపు చివర ఉండే తెల్ల చుక్కలు ముందు అరిగిపోతాయి.

పిల్లల పేజీలో సవరణ వేయండి సార్, అదే పేజీలో, అంత పెద్ద అక్షరాల్లోనే. పెద్దల పేజీలో ఒక మూలన వేస్తే పిల్లల కంట పడదు. మా పాప పాత ముక్కను ఇప్పటికే సైన్సు నోట్సులో అంటించుకుంది. సవరణ వస్తే దాన్ని పక్కనే అంటించడానికి ఎదురు పేజీ ఖాళీగా వదిలిపెట్టింది.

— ఒక నాటుకోళ్ల రైతు, ఓర్వకల్లు, కర్నూలు జిల్లా