చందా ఎందుకు పెంచుతున్నామంటే

మా వారపత్రిక చందాదారులకు, ప్రకటనలిచ్చే వ్యాపారులకు నమస్కారం. వచ్చే నెల నుంచి ఏడాది చందా 300 రూపాయల నుంచి 400 అవుతోంది. కాగితం ఖర్చు పెరిగిందని చెప్పి ఊరుకోవచ్చు. కానీ అసలు కారణం అది కాదు.

పోయిన నెల వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ మీద మొదటి పేజీలో ‘మిర్చికి రికార్డు ధర’ అని పెద్ద అక్షరాలతో వేశాం. ఆ వారమే నర్సంపేట వైపు తండా నుంచి ఒక పెద్దమ్మ మా ఆఫీసుకు వచ్చింది. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మాక తూకం, ధర రాసి ఇచ్చే చీటీ, తీసి టేబుల్ మీద పరిచింది. పక్కనే మా పేపర్ పెట్టింది. ‘గీ ధర ఎవరికొచ్చింది సారూ?’ అని అడిగింది. ఆమె పట్టీలో ఉన్నది మేం వేసిన ధరలో సగానికి కాస్త పైన. కోపంతో అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టగలిగాను గానీ, జవాబు చెప్పలేకపోయాను.

మార్కెట్‌కు సరుకు తీసుకెళ్లేవాళ్లకు తెలిసిందే, మేం వేసింది జెండా పాట ధర. పొద్దున ఒక మంచి లాట్ దగ్గర ఖరీదుదారులు పాడే ధర అది. ఆ తర్వాత తేమ, తాలు, రంగు చూసి మిగతా బస్తాలకు తగ్గించుకుంటూ పోతారు. మేం రాసింది అబద్ధం కాదు. కానీ ఒక్క కుప్ప ధరను యార్డు మొత్తానికి అంటగట్టాం. ఆ వార్తలో ఇద్దరు వ్యాపారులు, ఒక అధికారి మాట్లాడారు. రైతు ఒక్కరూ లేరు.

ఆమె వెళ్లాక ఆరు నెలల పాత సంచికలు ముందేసుకుని కూర్చున్నాం. తండా పేరు వచ్చిందంటే గుడుంబా దాడి. మండీబజార్ అంటే రంజాన్ నెలలో హలీం ఫొటో. మేడారం అంటే రెండేళ్లకోసారి జాతర, అది అయిపోయాక అక్కడి కోయ కుటుంబాల ఊసే లేదు. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి అనే పల్లె నుంచే ‘తెనుగు’ అనే పత్రిక తెచ్చారు. మాకు వరంగల్‌లో కూర్చుని పల్లెకు పోవడానికి తీరిక లేకపోయింది.

దీనికి మూలం నేను పెట్టిన పద్ధతే. మండల విలేకరులకు జీతం ఇచ్చే స్తోమత లేక ప్రకటనల మీద కమిషన్ ఇస్తూ వచ్చాను. ఆగస్టు 15, దసరా, జనవరి 26 వచ్చాయంటే ఒక్కొక్కరికి ఒక టార్గెట్, ఆ టెన్షన్. నిన్న శుభాకాంక్షల ప్రకటన కోసం ఒక నాయకుడి గుమ్మం ముందు గంటసేపు నిలబడ్డ మనిషి, ఇవాళ ఆయన వేయించిన రోడ్డు ఎందుకు కుంగిందని ఎలా అడుగుతాడు? వాళ్లను నేను తప్పుపట్టలేను.

ఆ టార్గెట్లు ఈ నెలతో తీసేశాం. విలేకరులకు నెలకింత అని ఇస్తాం, ప్రకటనలు తెచ్చే పని ఆఫీసులో వేరే మనిషి చూస్తారు. మీ దగ్గర అదనంగా తీసుకునే వంద రూపాయలు దానికే. ఇప్పటికే కట్టినవాళ్లు గడువు తీరేదాకా పైసా ఇవ్వనక్కర్లేదు. లంబాడీల భాష గోర్ బోలీ మాట్లాడే ఒక అమ్మాయి, ఉర్దూ వచ్చిన ఇంకొకరు కొత్తగా మాతో చేరారు. తండా వార్త తండావాళ్లతో మాట్లాడాకే రాయాలి.

వ్యాపారులకు ఒక మాట. ప్రకటన రేట్లు పెంచడం లేదు. కానీ డబ్బు తీసుకుని వేసే ప్రతిదాని మీదా ‘ప్రకటన’ అని ఉంటుంది. వార్తలా కనిపించే ప్రకటన ఇక వేయం. ప్రెస్ కౌన్సిల్ నియమాలు ఎప్పటి నుంచో చెబుతున్నదే, మేమే పట్టించుకోలేదు. ఈ మాట విని ఇద్దరు పాత ప్రకటనదారులు తప్పుకున్నారు. బాధగానే ఉంది.

మార్కెట్ పేజీలో ఇక జెండా పాట ధర పక్కనే ఎక్కువ మంది రైతులకు పడిన ధర, అన్నిటికన్నా తక్కువ పడిన ధర కూడా ఇస్తాం. అందుకు మాకు మీ తక్‌పట్టీలు కావాలి. పేరు కనిపించకుండా మడిచి చూపించినా చాలు.

మిర్చి వార్తకు సవరణ ఈ శనివారం మొదటి పేజీలోనే వస్తుంది, అంతే పెద్ద అక్షరాలతో. ఆ పెద్దమ్మకు చదువు రాదు, మనవరాలు చదివి వినిపిస్తుందట. ఆ కాపీ నేనే తండాకు తీసుకెళ్లి ఇస్తాను.