స్టీలు మీద కుంచె పని

ఒరేయ్ శీనుగా,

జవాబు బాగా ఆలస్యమైంది, కోప్పడకు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, మేడ మీద గది పని ఇంకా సాగుతోంది. ఇక అసలు సంగతి. స్టెయిన్‌లెస్ స్టీలుతో బొమ్మ చేస్తానన్నావు కదా, రేకు కోయించే ముందు డేవిడ్ స్మిత్ అనే అమెరికన్ శిల్పి గురించి నీకు చెప్పి తీరాలి.

1906లో ఇండియానాలో పుట్టాడు. 1925 వేసవిలో స్టూడిబేకర్ కార్ల ఫ్యాక్టరీలో చేరి లోహం పని పట్టుకున్నాడు. న్యూయార్క్ వెళ్ళి చదివింది మాత్రం పెయింటింగ్! అక్కడ జాన్ గ్రాహం అనే చిత్రకారుడు అతనికి ఓ ఫ్రెంచి పత్రికలో ఫొటోలు చూపించాడు, పికాసో, గొంజాలెజ్ అనే శిల్పి వెల్డింగ్‌తో చేసిన ఇనుప శిల్పాలవి. స్మిత్‌కి ఫ్రెంచి రాదు, ఫొటోలే చాలాయి. 1933లో తను కూడా ఇనుప తలలు వెల్డింగ్ చేశాడు. మరుసటేడు బ్రూక్లిన్ రేవు దగ్గర టెర్మినల్ ఐరన్ వర్క్స్ అనే షాపులో చోటు తీసుకున్నాడు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోనే బోల్టన్ లాండింగ్ అనే ఊళ్ళో తన పొలంలో పెట్టుకున్న షాపుకీ అదే పేరు.

నన్ను పట్టేసింది మాత్రం అతని చివరి రోజుల ‘క్యూబీ’ అనే శిల్పాల వరస. 1961 నుంచి 65 దాకా 28 చేశాడు, అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే, ఎక్కువగా పెట్టె ఆకారాలు. ముందు అట్టపెట్టెలు అతికించి ఏది దేని మీద నిలబడుతుందో చూసుకునేవాడు. నువ్వూ అలాగే మొదలుపెట్టు, అట్ట చవక. స్టీలు ఊరుకోదు. వేడికి మామూలు ఇనుము కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది, ఆ వేడేమో మూడో వంతు వేగంతో కూడా పక్కకి పోదు. అంచు వెంబడి ఏకబిగిన వెల్డింగ్ లాగేశావంటే రేకు ఉబ్బి పళ్ళెంలా వంగిపోతుంది. ముందు నాలుగు మూలలా టాక్, అంటే చిన్న చుక్క వెల్డింగ్, వెయ్యి, తర్వాత ఎదురెదురు వైపుల మార్చి మార్చి చిన్న చిన్న ముక్కలుగా వెయ్యి. పెట్టె పూర్తిగా మూసెయ్యకు, చిన్న బెజ్జం వదులు. లేకపోతే లోపలి వేడి గాలి చివరి అతుకు తన్నుకుని బయటకొస్తుంది. చల్లారాక బెజ్జం పూడ్చు.

ఇక మెరుపు. అద్దంలా పాలిష్ చెయ్యలేదురా అతను! గ్రైండర్ డిస్కుతో వంకర వంకర చుట్లు తిప్పాడు, ఒక్కో చుట్టూ ఒక కుంచె దెబ్బే. వాటిని బయట పొలంలో నిలబెట్టాడు. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు, మబ్బు పట్టినప్పుడు ఇంకో రంగు. పెయింటు లేకుండా పెయింటింగ్! దీనికోసమే ఇంత పెద్ద ఉత్తరం. నువ్వు చేసేటప్పుడు డిస్కు ఒకే చోట అదిమి పట్టకు, రేకు నీలంగా కందిపోతుంది. ఇనుము రుద్దిన డిస్కు అస్సలు ముట్టుకోకు. ఆ ఇనుప పొడి స్టీలులో దిగి, వాన పడగానే చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. “స్టెయిన్‌లెస్‌కి తుప్పేమిటి” అంటావు నువ్వు, నాకు తెలుసు. ఆ వాదన మళ్ళీ మొదలుపెట్టకు!

కాగితం మీదా అతను ఇదే ఆలోచన నడిపాడు. 50ల చివర్లో కాగితం, కాన్వాసు నేల మీద పరిచి, వాటి మీద ముక్కలు పేర్చి, పైనుంచి ఎనామిల్ స్ప్రే కొట్టి, ముక్కలు తీసేసేవాడు. ముక్క ఉన్న చోట ఖాళీ ఆకారం మిగులుతుంది. గన్ నిటారుగా పడితే అంచు పదునుగా వస్తుంది, వాల్చి పడితే మసకబారుతుంది. ముక్క కాగితానికి ఆనకపోతే కింద నుంచి రంగు పాకుతుంది. నీ బొమ్మకి ముందు ఇలా నాలుగు కొట్టి చూడు, గీసుకోవడం కంటే త్వరగా తేలుతుంది.

పాపం, 1965 మేలో వెర్మాంట్‌లో ట్రక్కు బోల్తాపడి పోయాడు. ఆ తర్వాత అతని రంగు వేసిన శిల్పాలు కొన్నిటి మీద పెయింటు గీకించేశారు, వాటిని చూసుకునే బాధ్యత ఉన్నవాళ్ళే! అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపో... పోస్టు తీసే వేళైంది, మిగతా తర్వాత. రేకు మందం ఎంత తీసుకున్నావో వెంటనే రాయి.

నీ
రాము