కప్పులు, జాడీలు కళ కాదా? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఢిల్లీ సిరామిక్ కళాకారుడు సర్దార్ గురుచరణ్ సింగ్ గారి ప్రభావం మీద నేను చేస్తున్న పనికి మీ శాఖ మంజూరు చేసిన ఫెలోషిప్‌లో రెండో విడత ఇంకా రాలేదు. వినతిపత్రాలు ఇచ్చాను, మీ పేషీలో కలిశాను, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. దేనికీ జవాబు లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

నిబంధనలు మీకు తెలిసినవే. డబ్బు ఎందుకు ఆగిందో మాత్రం నేను మీకు చెప్పాలి. ఆ సంగతి మీదాకా వచ్చి ఉండదని నా నమ్మకం. నా ఫైలు కళల విభాగం నుంచి హస్తకళల విభాగానికి వెళ్తుంది, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి వస్తుంది. "మీ రిపోర్టు నిండా కప్పులు, జాడీలు, టీ కెటిల్సే ఉన్నాయి. ఇవి వాడుకునే సామాన్లు, హస్తకళల వాళ్ళని అడగండి" అంటారు మొదటి చోట. "మీరు ఫైన్ ఆర్ట్స్ చదివారు, చేతివృత్తి కార్డు లేదు, మీరు ఆర్టిస్టు" అంటారు రెండో చోట. కుమ్మరి కుటుంబాలకు రావాల్సిన దాంట్లో నేను వాటా అడగడం లేదు. అది వాళ్ళకే దక్కాలి. నాకు మంజూరు చేసింది నాకు ఇమ్మంటున్నాను, అంతే.

ఒక అధికారి ఇంకో మాట అన్నారు. "ఎవరో పెద్దాయన చేసినవే మళ్ళీ చేస్తే అందులో మీదేముంది?" ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

గురుచరణ్ సింగ్ 1919లో జపాన్ వెళ్ళి కుండల పని నేర్చుకున్నారు. అక్కడ ఇంగ్లీషు కుండల కళాకారుడు బెర్నార్డ్ లీచ్, జపాన్ కుండల కళాకారుడు షోజి హమదా, జానపద కళల గురించి రాసిన సోయెత్సు యనాగి ఆయనకు స్నేహితులయ్యారు. ఇంట్లో రోజూ వాడే గిన్నెలోనే అసలైన అందం ఉందని నమ్మిన మనుషులు వాళ్ళు. తిరిగొచ్చాక ఆయన జపాన్ కుండలకి నకలు చేయలేదు. ఢిల్లీ పఠాన్ కుమ్మరుల నీలం గ్లేజ్‌ని, అంటే మట్టి మీద గాజులా కాలే పూతని, పట్టుకున్నారు. 1952లో ఢిల్లీ బ్లూ ఆర్ట్ పాటరీ పెట్టారు. ఈ దేశంలో స్టూడియో పాటరీకి, అంటే కళాకారులు తమ స్టూడియోలో సొంతంగా కుండలు చేసే పద్ధతికి, దారి వేసినవాళ్ళలో ఆయన ముందున్నారు. 1991లో మన ప్రభుత్వమే పద్మశ్రీ ఇచ్చింది. దేనికిచ్చింది సార్? కప్పులకి, జాడీలకి, టైల్స్‌కే కదా! అటు 1955లో జపాన్ ప్రభుత్వం హమదాను 'సజీవ జాతీయ నిధి'గా గుర్తించింది. ఆయన చేసినవీ పళ్ళాలు, గిన్నెలు, సీసాలే. అక్కడ ఎవరికీ రాని అనుమానం మన ఆఫీసులో ఎందుకు వచ్చింది?

ప్రభావం అంటే నకలు కాదని చెప్పడానికి నా పనే చూపిస్తాను. రాగి ఆక్సైడ్‌ని సోడా, పొటాష్ ఎక్కువున్న గ్లేజ్‌లో వేస్తే ఆ ఆకాశనీలం వస్తుంది. కానీ సోడా పెరిగేకొద్దీ చల్లారేటప్పుడు గ్లేజ్ లోపలి మట్టికంటే ఎక్కువ కుంచించుకుపోతుంది. అప్పుడు పైన వెంట్రుకల్లాంటి పగుళ్ళు పడతాయి. సోడా తగ్గిస్తే పగుళ్ళు తగ్గుతాయి, రంగు ఆకుపచ్చకి తిరుగుతుంది. ఈ రెండిటి మధ్య సరైన చోటు పుస్తకంలో దొరకదు, ఎవరి మట్టికి వాళ్ళే వెతుక్కోవాలి. నేను ద్వారకా తిరుమల వైపు దొరికే బాల్ క్లే అనే మెత్తటి బంకమట్టి కలిపిన మట్టితో వెతుకుతున్నాను. మన హైదరాబాద్‌లో మొహర్రం సంతాప మందిరమైన బాద్షాహీ అషూర్‌ఖానా గోడల మీదున్న టైల్స్‌ని ఎదురుగా పెట్టుకుని వెతుకుతున్నాను. కుతుబ్‌షాహీల కాలం నాటి టైల్స్ అవి. 1908 మూసీ వరదకి కింది భాగం దెబ్బతింటే ఆ చోట రంగులు పూసి సరిపెట్టారు. పైన కాలిన గ్లేజ్, కింద పూసిన పెయింటు. ఆ తేడా చూసినప్పుడల్లా, ఈ విద్య మనదగ్గర మళ్ళీ రావాలని గట్టిగా అనిపిస్తుంది. ఢిల్లీ పెద్దాయన నాకిచ్చింది ఆ ధైర్యం. ఇందులో నాదేమీ లేదంటే నేనేం చెప్పను?

ఇక కిల్న్ సంగతి, అంటే కుండలు కాల్చే బట్టీ సంగతి. ప్రదర్శన ప్రారంభించడానికి వచ్చినప్పుడు, స్టూడియోలో పనిచేసేవాళ్ళందరికీ ప్రభుత్వ వర్క్‌షాప్‌లోని గ్యాస్ కిల్న్ అందుబాటులోకి తెస్తామని మీరే వేదిక మీద అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ కిల్న్ మీద ఇప్పటికీ టార్పాలిన్ కప్పి ఉంది. షెల్ఫులు ప్యాకింగ్ విప్పనే లేదు. గ్యాస్ కనెక్షన్ రాలేదు. అడిగితే మళ్ళీ అదే మాట: అది ఆర్టిస్టులకా, చేతివృత్తుల వాళ్ళకా అన్నది తేలలేదట! ఇంట్లో నాకున్నది చిన్న కరెంటు కిల్న్. నీలం దాంట్లో కాల్చుకోగలను. ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చే స్టోన్‌వేర్‌లో సెలడాన్ అనే లేత ఆకుపచ్చ గ్లేజ్ కావాలంటే లోపల గాలి తగ్గించి కాల్చాలి, దానికి గ్యాస్ కిల్న్ లాంటి మంట కిల్న్ కావాలి. అంటే గురుచరణ్ సింగ్ గారు జపాన్ నుంచి తెచ్చుకున్న విద్యలో సగం నా పరిశోధనలో అలాగే ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీని చూపించి రిపోర్టు అసంపూర్తిగా ఉందని మళ్ళీ నాకే నోటీసు పంపారు. ఇది న్యాయమా సార్?

టెన్షన్‌తో రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. రాగి ఆక్సైడ్ బాకీ మీద తెస్తున్నాను. నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయిలు "మేడమ్, గ్యాస్ ఫైరింగ్ ఎప్పుడు?" అని అడుగుతుంటే మొహం చూడలేకపోతున్నాను. వాళ్ళలో కుమ్మరి ఇంటి పిల్ల ఒకామె ఉంది. సారె మీద ఆమె చెయ్యి నాకన్నా బాగా నిలుస్తుంది. ఆమెను ఏ విభాగంలో వేస్తారో నాకు తెలియదు, మీ ఆఫీసుకీ తెలియదు.

దయచేసి ఆ ఫైలు ఒకసారి మీ బల్ల మీదికి తెప్పించుకోండి. విడత విడుదల చేయించండి. కిల్న్‌కి గ్యాస్ ఇప్పించండి, ఆర్టిస్టులకీ కుమ్మరులకీ కలిపి వారాలు పంచండి. ఇవ్వడం కుదరకపోతే కుదరదని, కారణంతో సహా కాగితం మీద రాసివ్వండి. నేను వేరే దారి చూసుకుంటాను. వేదిక మీద మీరు చెప్పిన మాటను ఇంకా నమ్ముతున్నాను కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాశాను. వర్క్‌షాప్‌కి మీరు ఎప్పుడొస్తానంటే అప్పుడు అక్కడుంటాను, నా టెస్ట్ టైల్స్ అన్నీ తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తున్న
ఒక సిరామిక్ కళాకారిణి,
హైదరాబాద్